అరువు పగ

డాంకాస్టర్‌లో ఆదివారం పొద్దున
కార్ల డిక్కీలెత్తి పాత సామాన్లమ్మే మైదానంలో
పన్నెండు పౌండ్లకి బేరమాడి కొన్నాను.
నల్ల డబ్బా, రెండు కంట్రోలర్లు,
ఒకదాని వైరుకి ఇన్సులేషన్ టేపు కట్టు,
ఒకే ఒక్క ఆట: బైకుల పందెం, దార్లో తన్నులాట.
"మా షేన్‌ది" అంది బెరిల్ ఓల్డ్‌రాయిడ్,
ఫ్లాస్కు మూతలో టీ ఊదుకుంటూ.
షేన్ ఏమయ్యాడో చెప్పలేదు.
అడుగుదామంటే వెనక మనుషులు నిలబడ్డారు.

ఇంటికొచ్చి చూస్తే పెట్టె మూత లోపల
పెన్సిలుతో అక్షరాలూ అంకెలూ,
వరసకి పన్నెండు.
పైవన్నీ కొట్టేసి, ఆఖరి వరస చుట్టూ సున్నా చుట్టాడు.
ఆ రోజుల్లో ఆటలకి జ్ఞాపకం ఉండేది కాదు.
ఎంతదూరం వచ్చావో ఓ చిట్టీ చదివేది,
నువ్వు రాసుకోవాలి,
మర్నాడు మళ్ళీ అప్పజెప్పాలి.
సున్నానో, ఓ అక్షరమో తేలక రెండుసార్లు తప్పాను.
మూడోసారి తలుపు తెరుచుకుంది.

ఎప్పుడో ఆగిపోయిన డబ్బు,
ఎర్ర బండి, నాలుగో స్థాయి,
కొండ అంచున రోడ్డు, గళ్ళు గళ్ళుగా సముద్రం.
ఒక బటన్ వేగానికి, ఒకటి బ్రేకుకి,
ఒకటి కొట్టడానికి.
వారమంతా నేను నడిపేది రెండంతస్తుల బస్సు.
ముసలమ్మ కూర్చునేదాకా కదలకూడదు,
బడి దగ్గర ఇరవై మైళ్ళు దాటకూడదు.
ఆ కాలికి ఆ రాత్రి నూట నలభై!
ముందున్నవాణ్ణి ఒక్క తన్ను తన్నాను,
కంచె మీంచి ఎగిరి ఆవుల మధ్య పడ్డాడు.
లేచి, దులుపుకుని, బండి కోసం పరుగెత్తాడు.
అక్కడెవరూ చావరు.
నేను పగలబడి నవ్వితే
పార్థసారథి నిద్రకళ్ళతో గుమ్మంలోకొచ్చాడు.
(పేరుకే సారథి. సైకిలెక్కితే గోడే ఆపాలి.)
"ఎవర్ని కొడుతున్నావే?"
"ఎవరో."

అప్పుడొచ్చాడు పచ్చ జాకెట్టు వాడు,
గొలుసు తిప్పుకుంటూ,
మిగతా పదమూడు మందినీ వదిలేసి
సరిగ్గా నా మోచేతి పక్కకి.
రెండో పందెంలోనూ వాడే.
మూడోదానికి ముందు తెర నిండా వాడి మొహం, కింద ఒక మాట:
పోయినసారి నువ్వు చేసింది మర్చిపోలేదు.

నేనేం చేశాను?

డబ్బుతో పాటు, ఎర్ర బండితో పాటు
ఆ వరసలో ఇదీ ఉంది కాబోలు.
గనులు మూతపడ్డ ఊళ్ళో, ఇలాంటి చలిరాత్రే,
షేన్ వీణ్ణి తన్ని ఉంటాడు, ఒక్కసారి కాదు.
తర్వాత డబ్బా అటకెక్కింది.
పాము పగ పన్నెండేళ్ళంటారు,
దీనిది పన్నెండక్షరాలు.

బ్రేకు వేశాను.
వాడి పక్కనే, వాడి వేగానికే నడిపాను.
కంట్రోలరంతా బొటనవేలితో తడిమాను,
వేగముంది, బ్రేకుంది, దెబ్బ ఉంది,
సారీకి బటన్ లేదు.
గొలుసు తగిలింది.
ఈసారి ఆవుల మధ్య నేను.

తెల్లారి ఆరుంపావు, బాల్బీ స్టాపు.
వానలో ముద్దయిన పెద్దాయన
మెట్టు మీద కాలు పెడుతూనే అరిచాడు,
"నిన్న చెయ్యెత్తినా ఆపకుండా పోయావు!"
నిన్న నాకు సెలవు.
నిన్న నేను మైదానంలో బేరమాడుతున్నాను.
ఆ మాట నాలిక చివరిదాకా వచ్చింది.
ఆయన టోపీ అంచు నుంచి నీళ్ళు
టిక్కెట్ మిషన్ మీద బొట్టు బొట్టుగా రాలుతున్నాయి.
"సారీ" అన్నాను.
సిద్ధం చేసుకొచ్చిన రెండో తిట్టు
ఎక్కడ దింపుకోవాలో తెలీనట్టు కాసేపు నిలబడి,
కార్డు ఆనించి, పై అంతస్తుకి వెళ్ళిపోయాడు.
ఆయన కూర్చున్నాడని అద్దంలో చూసుకుని
బస్సు కదిలించాను.

ఆ రాత్రి ఆట చదివిన కొత్త పన్నెండక్షరాలు
మూత లోపల, షేన్ రాత కిందే రాసుకున్నాను.
వాడి వరస కొట్టెయ్యలేదు.